అమ్మవారు రాలేదు, సుక్రమ్మ వచ్చింది

మీ పిల్లవాడి పుట్టినరోజుకి బొమ్మ తుపాకీ కొనిచ్చిన చేత్తో, నిజం తుపాకుల మధ్య పెరిగిన ఒక ఆడపిల్ల కథని బొమ్మల నవలగా వేస్తే, అది కూడా కొనిస్తారా? ఇవ్వరని నాకు తెలుసు. "పసివాళ్లకి ఇవన్నీ ఎందుకండీ" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మరి ఆ తుపాకుల మధ్య కొండ మీద ఉన్నప్పుడు మేం పసివాళ్లం కామా? మాకు ఎవరైనా ఆ వెసులుబాటు ఇచ్చారా? పిల్లలు పడినదాన్ని పిల్లలు చదవకూడదనడం ఎక్కడి నీతి?

మొన్న ఎండలు ముదరకముందు ఒక ఉదయం ఇద్దరు ఆడవాళ్లు షేర్ ఆటో దిగి, నర్సీపట్నంలోని మా ఇంటి గేటు తీశారు. ముందు నడిచేది మల్లమ్మ. ఘాటు రోడ్డు పైన ఒక కొండ ఊళ్లో నా చిన్నతనంలో కొన్నేళ్లు నా వేలు పట్టుకుని తిరిగిన నేస్తం, నాకన్నా కాస్త చిన్నది. వెనక ఆమె కూతురు పార్వతి. విశాఖపట్నంలో బొమ్మలు గీయడం చదువుకుంది. చంకలో రెండు అట్టల మధ్య తాడు కట్టిన కాగితాల బొత్తి. "ఇమలా, ఉన్నావేటే లోపల? నీ బొమ్మ తెచ్చాం సూసుకో. ముక్కు మాత్రం నీదంత సప్పిడిగా రాలేదు" అని మల్లమ్మ వీధిలోంచే కేకేసింది. లోపలికొచ్చి ఒళ్లోంచి అడ్డాకు పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. అందులో పసుపు కొమ్ములు. ఆ వాసన ముక్కుకి తగలగానే మా ఊరంతా, పెద్ద బానల్లో పసుపు ఉడుకుతున్న ఆవిరితో సహా, గదిలోకి వచ్చేసినట్టయింది. ఆ ఊరి పేరు రాయను. ఎందుకు రాయనో ఈ కథ చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

కాగితాలు ఎగిరిపోకుండా ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుకుంటూ, పార్వతి తన నవలని నేల మీద పరిచింది. అది మల్లమ్మ చిన్నతనం. బడిలో పోలీసు క్యాంపు పెట్టిన ఊళ్లో, పగలు పోలీసులకీ చీకటి పడ్డాక అడవిలోంచి వచ్చే అన్నలకీ జవాబు చెప్పుకుంటూ ఒక పిల్ల పెరగడం. అంతా నల్ల సిరా. అక్కడక్కడ మాత్రం పసుపు రంగు. పోలీసుల మొహాలు గీసింది, నిద్రలేని కుర్రమొహాలు. అడవిలోని అన్నల మొహాలూ అంతే, నిద్రలేని కుర్రమొహాలే. తుపాకీ మాత్రం రెండు పక్కలా ఒకటే గీసింది. ఇంత నిక్కచ్చి అయిన చెయ్యి అంతకుముందు నేను చూడలేదు. వంగి వంగి చూస్తూ, మెచ్చుకుంటూ, ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. రోడ్డు మీద ఆకాశమంత అమ్మవారు జుట్టు విరబోసుకుని నిలబడి ఉంది. ఆమె పాదాల దగ్గర అగ్గిపెట్టెంత పోలీసు జీపు. జీపు పక్కన కళ్లజోడు పెట్టుకున్న ఒక సన్నటి మనిషి, తల వంచి చేతులు జోడించి. ఆ కళ్లజోడు మా నాన్నది.

"ఇది జరగలేదు" అన్నాను.

"జరగలేదేటి? మీ నాయినగారే ఒప్పుకున్నారు కదే, ఊరందరి ముందర!" అంది మల్లమ్మ.

పార్వతి తల్లి వైపు చూడలేదు, నా వైపే చూసింది. "ఈ ఒక్క పేజీ గురించే వచ్చాం పెద్దమ్మా. వానలకి ముందు పుస్తకం అచ్చుకి ఇచ్చేయాలి. మిగతా పేజీలన్నిటికీ అమ్మ సరేనంది. దీని దగ్గరికొచ్చేసరికి ఏదో మింగేస్తోంది. మా ముత్తవ్వని జీపులో ఎక్కించబోతే అమ్మవారు కాపాడిందని ఊళ్లో అందరూ చెప్తారు. మీరు అక్కడున్నారంట. మీరు చెప్పండి. అది అమ్మవారి పేజీయా, మా ముత్తవ్వ పేజీయా?"

ఆ పిల్లకి ఆ పూట చెప్పినదే మీకూ చెప్తున్నాను.

మా నాన్న బడిపంతులు. అంతకన్నా ముందు వాదించే మనిషి. ఆయన్ని కొండ మీదికి బదిలీ చేసినప్పుడు అది శిక్ష అని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం కొత్త శ్రోతలు దొరికారని సంబరపడ్డారు. మా ఇల్లు బడి వెనకాల రెండు గదుల పెంకుటిల్లు. ఆయన వసారా స్తంభానికి అద్దం తగిలించి గడ్డం గీసుకునేవారు. ఆ టైములో ఎవరు దారిన పోయినా ఏదో ఒక వాదన పెట్టుకునేవారు, సబ్బు నురగ చెంప మీదే ఎండిపోయేది. బస్సులో వచ్చే పాత పేపరు మడతలు నలగకుండా చదివి, మళ్లీ మడిచి, అమ్మకి ఇచ్చేవారు; అమ్మ దాన్ని చింతపండు జాడీ కింద పరిచేది. రాత్రి అన్నాల దగ్గర మా ఇంట్లో ఒక నియమం. ఒక్కొక్కరూ ఒక ప్రశ్న వేయాలి. ప్రశ్న లేనిదే అన్నంలో పులుసు పడదు. వాన ఎందుకు ఏటవాలుగా పడుతుంది, ముసలివాళ్లకి చెవుల్లో వెంట్రుకలెందుకు, ఏదైనా సరే. అమ్మ ప్రశ్న మాత్రం రోజూ ఒకటే: "రేపు కూరేటి?" దానికి మాత్రం ఆయన దగ్గర ఏనాడూ జవాబు ఉండేది కాదు.

ఆదివారం బడి వసారాలో చర్చ. ఎవరైనా రావచ్చు, ఏమైనా అనవచ్చు. చేతబడి, దిష్టి, పూనకం, ఒక్కొక్కటీ తీసుకుని నాన్న విప్పి చూపించేవారు. పూనకం రోజు నాకు బాగా గుర్తు. ఆయన బట్టతల ఊపుతూ, గుడ్లు తేలేసి, అచ్చం అమ్మవారు పూనినట్టే ఊగి, ఒక్కసారిగా ఆగి, "చూశారుగా, ఇంతే. నిజంగా అమ్మవారే వస్తే నా గుప్పిట్లో ఏముందో చెప్పమనండి" అన్నారు. జనంలో కూర్చుని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తున్న ఒక ముసలమ్మ చుట్ట బయటికి తీసింది. "మేస్టరు బాబూ, నీ గుప్పిట్లో ఏటున్నాదో సెప్పడానికి అమ్మోరెందుకు? నీ పెళ్లాన్నడిగితే సెప్పదేటి!" వసారా అంతా గొల్లుమంది. మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న ఓడిపోయిన వాదనలు చాలా తక్కువ. అది ఒకటి. ఆ ముసలమ్మే సుక్రమ్మ, మల్లమ్మ నాయనమ్మ. ముక్కుకి మూడు నత్తులు, మోచేతి దాకా పచ్చబొట్లు, ఎవరికీ తగ్గని నోరు. అమ్మవారిని ఆమె నమ్మేదా అంటే, నమ్మేది. ముఖ్యమైన పనులు మాత్రం అమ్మవారికి వదిలేసేది కాదు.

తరవాత పోలీసు క్యాంపు వచ్చింది. ఎక్కడో ఘాటు రోడ్డులో ఏదో పేలిందన్నారు. ఆ వారమే లారీలు వచ్చాయి, బడి వాళ్లదయింది. బెంచీలు మంచాలయ్యాయి. కిటికీలకి ఇసుక బస్తాలు పెట్టారు. సుద్దముక్కల వాసన పోయి, తుపాకులకి పూసే నూనె వాసన, పెద్ద గంగాళాల్లో మాడిన పప్పు వాసన వచ్చాయి. నాన్న మమ్మల్ని పనస చెట్టు కిందికి మార్చారు. అన్నిటికన్నా మమ్మల్ని తికమక పెట్టింది గంట. వసారాలో వేలాడే ఆ రైలు పట్టా ముక్క మా బడి గంట. ఇప్పుడు దాన్ని కాపలా మారినప్పుడల్లా వాళ్లు కొట్టేవారు. గంట మోగితే పలకలు పట్టుకుని పరుగెత్తే అలవాటు మాది. పరుగెత్తి వెళ్తే ఎదురుగా తుపాకీ. కొన్ని రోజులకి గంట వినగానే పిల్లలు ఇళ్లలోకి పరుగెత్తడం మొదలుపెట్టారు. ఒక గంట శబ్దానికి అర్థం తలకిందులు కావడానికి ఎంతో కాలం పట్టదు.

క్యాంపు వాళ్లు అందరూ రాక్షసులని నేను రాయను. వాళ్లలో ఒక కుర్రవాడు మాకు బిస్కెట్లు పెట్టేవాడు, తన చెల్లెలి ఫొటో చూపించేవాడు. ఆ కుర్రవాడే మర్నాడు ఒకాయన్ని, ఇంట్లో బియ్యం ఎక్కువ వండింది అన్నల కోసమేనని, జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. అడవిలోని వాళ్లూ అంతే. పేదవాడి కోసం అని వచ్చేవారు, పేదవాడి కుండలోదే తినేవారు, ఎవరి మీదైనా అనుమానం వస్తే మాత్రం వాళ్ల దగ్గరా అప్పీలు లేదు. మా ఊరి పిల్లలకి ఒక ఆట ఉండేది. సగం మంది పోలీసులు, సగం మంది అన్నలు. ఊరివాళ్లుగా ఉండటానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఎందుకంటే ఆటలో కూడా దెబ్బలు రెండు పక్కల నుంచీ వాళ్లకే. చివరికి ఊరివాళ్లుగా మల్లమ్మనీ నన్నూ పెట్టేవారు. మా ఇంట్లో పులుసు నియమం కూడా సడలిపోయింది. ప్రశ్నలు వేయడం బయటివాళ్ల పని, జవాబు చెప్పడం మన పని అని పిల్లలకి కూడా అర్థమైపోయాక, అన్నం దగ్గర నోరు పెగలదు. ఆదివారం చర్చలు మాత్రం నాన్న మానలేదు. పనస చెట్టు కింద పెట్టేవారు. క్యాంపు నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి వెనకాల నిలబడి వినేవారు. పంతులు దేవుణ్ణి నమ్మడని, పూనకాలు బూటకమంటాడని ఆ రకంగా క్యాంపు ఇన్‌స్పెక్టరు దాకా వెళ్లింది.

ఎండాకాలం మొదట్లో కొండ మీద ఇటుకల పండగ, అంటే వేట పండగ. మగవాళ్లు విల్లంబులు, గొడ్డళ్లు పట్టుకుని వేటకి వెళ్తారు. వేట మాంసం తాకించిన విత్తనమే పొలంలో చల్లుతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుగడ పట్టుకుని, ఆడుతూ పాడుతూ, వచ్చే పోయే బళ్లని ఆపి దారి డబ్బులు వసూలు చేస్తారు. ఎంత పెద్దవాడైనా ఇచ్చి కదలాల్సిందే. వేట దొరక్కుండా ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ల మీద పేడనీళ్లు చల్లుతారు. ఆ ఏడు ఇన్‌స్పెక్టరు డప్పు కొట్టి చాటింపు వేయించాడు. అడవిలోకి ఎవరూ పోకూడదు. రోడ్డు మీద గుంపు కట్టకూడదు. రోడ్డుకి ఏదీ అడ్డం పెట్టకూడదు. పెడితే అది దాడి కిందే లెక్క.

ఊరి పెద్దలు మా వసారాలో కూర్చున్నారు. నాన్న అన్నారు: "విత్తనానికి కావలసింది నీళ్లు. వేట మాంసం కాదు. ఈ ఒక్క ఏడు మానేయండి, ప్రాణాల కంటే పండగ ఎక్కువా?" అందరూ తల దించుకున్నారు. సుక్రమ్మ మాత్రం దించలేదు. "నీళ్లకే మొలుస్తాది బాబూ, నాకు తెల్దేటి? ఎన్నేళ్లు విత్తాను! ఇత్తనం గురించి కాదు. ఈ ఏడు ఏట మానీమన్నారు, మానీసినాం అనుకో. వచ్చే ఏడు సంత మానీమంటారు. ఆ పైన పెళ్లి మానీమంటారు. ఎక్కడ ఆగుతాదో సెప్పు, అక్కడిదాకా మానీస్తాం." నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మగవాళ్లు తెల్లవారకముందే వెళ్లిపోయారు. మల్లమ్మ తండ్రి కూడా వెళ్లాడు. మధ్యాహ్నానికి ఊరికి కాస్త పైన, కల్వర్టు దగ్గర రోడ్డు దాటి ఇళ్లకి రావాలి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి క్యాంపులో అలికిడి. జీపు మీద టార్పాలిన్ తీస్తున్నారు, సీసాల్లో నీళ్లు నింపుకుంటున్నారు. సుక్రమ్మ అరుగు మీద ఆడవాళ్లతో కూర్చుని అడ్డాకులు కుడుతోంది. మల్లమ్మా నేనూ పుల్లలు అందిస్తున్నాం. ముసలమ్మ క్యాంపు వైపు చూసింది, కొండ వైపు చూసింది. నోట్లోంచి చుట్ట తీసి నేలకేసి రాసింది.

"లెగండే. పండగ సేసుకుందుం."

"వద్దన్నారు కదా అత్తా!" అంది ఒక కోడలు.

"వద్దన్నారు, ఇన్నాను. మనోల్లు కలవట్టు కాడికొచ్చే ఏల ఇది. సేతుల్లో ఇల్లంబులు, గొడ్డల్లు. జీపు ఇప్పుడెల్తే ఎదురెదురు పడిపోతారు. అప్పుడింక మాటల్లేవు. బేగి రండే." మా వైపు తిరిగింది. "గుంటల్లారా, మీరిద్దరూ గడ ఆ సివర పట్టుకోండి. పాట మాత్రం ఆపకండి. కొండకి ఇనపడాల."

ఇది నేను చెవులారా విన్న మాట. మల్లమ్మా విన్నది. అమ్మవారి ప్రసక్తి అప్పటికి ఎక్కడా లేదు.

జీపు మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా వెదురుగడ. బ్రేకు కీచుమంది. వెనక కూర్చున్నవాళ్లు దూకి గట్టు చాటున పడుకుని తుపాకులు ఎక్కుపెట్టారు. రోడ్డుకి ఏదైనా అడ్డం ఉంటే దాని వెనక ఏముంటుందో వాళ్లకి నేర్పిన పాఠం అది. నాకు ఎదురుగా ఉన్న గొట్టం చివర నల్లటి గుండ్రటి చీకటి. మేం పాడుతున్నాం. వేటకెళ్లిన బావ ఎండుటాకు తెచ్చాడని, ఎలక తోక తెచ్చాడని ఎగతాళి పాట. గొంతు పగిలేలా పాడుతున్నాం. సుక్రమ్మ ఎడంచేత్తో గడ పట్టుకుని, కుడిచెయ్యి ఇన్‌స్పెక్టరు ముందు చాపింది.

"పండగ బావూ. దారి డబ్బులిచ్చి ఎల్లు."

"అడ్డం తియ్యి."

"కలట్రు గారొచ్చినా ఇచ్చే ఎల్తాడు. నీ జేబు అంతకన్నా సిన్నదేటి? లేకపోతే సెప్పు, మా గుంటల్ని అడిగి నేనే నీకిస్తాను."

గట్టు చాటు నుంచి ఎవరో జవాను కిసుక్కుమన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. తెలివైన మనిషి. మా నోళ్ల వైపు చూశాడు, మా కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూశాడు. తరవాత తల ఎత్తి కొండ వైపు చూశాడు. "ఎవరికి వినిపించాలని పాడుతున్నారు ఇంత గట్టిగా?" అన్నాడు నెమ్మదిగా. ఆ ప్రశ్నకి పాట ఆగిపోయింది. వెదురుగడ మా చేతుల్లో తడిసిపోయింది. "ముసల్దాన్ని జీపెక్కించండి" అన్నాడు. అలా ఎక్కినవాళ్లు తిరిగి ఎలా వచ్చేవారో, వస్తారో రారో, ఊరికి తెలుసు.

ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకున్నారు. అప్పుడు ఇందాకటి కోడలే కేక పెట్టింది: "అమ్మోరు! అమ్మోరు పూనిందర్రో!" ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, సుక్రమ్మ ఆ కోడలి మొహంలోకి చూసింది. తరవాత జుట్టు విప్పేసింది. ఊగింది. పోలీసుల చేతులు వాటంతట అవే వదిలేశాయి. వాళ్లూ ఊళ్లలో పుట్టినవాళ్లే. ఎవరో పసుపునీళ్లు తెచ్చి పోశారు, ఎవరో వేపమండలు తెచ్చారు. ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇదంతా నాటకమని అతనికి తెలుసు. ఆ నాటకాన్ని నాటకమనే మనిషి అతనికి ఒకరు కావాలి. సరిగ్గా అప్పుడే పనస చెట్టు దగ్గర్నుంచి నాన్న పరుగెత్తుకుంటూ వచ్చారు, వేళ్లకి సుద్ద.

"రండి మాస్టారూ. మీరు ఇవేవీ నమ్మరంట కదా. ఆదివారాలు ఉపన్యాసాలిస్తారంట. ఇక్కడ చదువుకున్న మనుషులం మీరూ నేనే. మీరు ఏం చెప్తే అది వింటాను. ఇది పూనకమా, నాటకమా?"

పాఠకులారా, నేను జీవితంలో చాలా సభలు చూశాను, వేదికల మీద అరిచాను, నా మీద అరిపించుకున్నాను. అంత కఠినమైన ప్రశ్న మళ్లీ ఎక్కడా వినలేదు. నిజం చెప్తే, ఆమె తెలివిగా జీపు ఆపిన మనిషి అవుతుంది. తెలివిగా ఆపిందంటే ఎవరి కోసమో ఆపింది. అబద్ధం చెప్తే, ఏమీ తెలియని పిచ్చి ముసలిది అవుతుంది; ఇంటికి పోతుంది. తెలివి ఉందని తేలితే చావు, లేదని తేలితే బతుకు. తుపాకీ పెత్తనం అంటే నాకు అప్పుడు అర్థమైంది ఇదే. నాన్న కళ్లజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. సుక్రమ్మ ఊగుతూనే ఉంది. ఆయన రెండు చేతులూ జోడించి, తల వంచి, "పూనకమేనండి. అమ్మవారే. ఒప్పుకోక తప్పడం లేదు" అన్నారు.

ఇన్‌స్పెక్టరు "మీరు కూడానా" అన్నాడు. జేబులోంచి చిల్లర తీసి రోడ్డు మీద పడేసి జీపెక్కాడు. మేం గడ ఎత్తాం. కల్వర్టు దగ్గర వాళ్లకి ఎవరూ దొరకలేదు. పాట విన్న మగవాళ్లు వాగు వెంబడి చుట్టు తిరిగి సాయంత్రానికి ఊరు చేరారు, ఉత్త చేతులతో. ఆచారం ఆచారమే. ఆడవాళ్లు వరసగా నిలబడి పేడనీళ్లు చల్లారు. బతికొచ్చిన మొగుళ్ల మీద పేడనీళ్లు చల్లుతూ, నవ్వుతూ, ఏడ్చారు. మల్లమ్మ తండ్రి మొహం నిండా పేడతో కూతుర్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర చాలా కాలానికి నేను ప్రశ్న వేశాను. "నాన్నా, అమ్మవారు వచ్చిందా?" "రాలేదు" అన్నారు. అమ్మ ఆయన అన్నంలో పులుసు పోసింది. ఆయన కలుపుకోలేదు.

కథ అక్కడ ఆగిపోయి ఉంటే నేను దీన్ని రాసేదాన్ని కాదు. తరవాతి ఆదివారం పనస చెట్టు కిందికి వాదించడానికి ఎవరూ రాలేదు. కొబ్బరికాయలతో వచ్చారు. "దేవుడు లేడన్న మేస్టరే ఒప్పుకున్నాడు" అన్న మాట కొండ దిగి కింది ఊళ్ల దాకా పాకిపోయింది. జీపు ఆగిన చోట ఒక రాయి నిలబెట్టి పసుపు రాశారు. జబ్బు చేస్తే సుక్రమ్మ కాళ్ల మీద పడేవారు. "నా కాడ ఏటీ లేదు నాయినా, ఆస్పత్రికి పోండి" అని ఆమె తిట్టేది. అమ్మవారికి కోపం వచ్చిందని ఇంకో కోడిపెట్ట తెచ్చేవారు. నిజం చెప్దామంటే క్యాంపు కదలలేదు. ఒకసారి ఆమె మా గుమ్మంలో కూలబడి, "మేస్టరు బాబూ, బతికించావు గానీ, నన్ను నాకు కాకండా సేసీసినావు" అంది. నవ్వుతూనే అంది. నాన్న నవ్వలేదు. ఆయనకి బదిలీ అయింది, మేం కొండ దిగాం. సుక్రమ్మ పోయిందని మాకు తెలిసేసరికి నెలలు గడిచాయి.

ఇప్పుడు ఆ రాయి చుట్టూ టైల్స్ వేసిన గుడి ఉంది, ఆర్చి ఉంది, మైకు ఉంది. దాతల పేర్లు పాలరాయి మీద ఉన్నాయి. సుక్రమ్మ పేరు ఎక్కడా లేదు. అమ్మవారు జీపు ఆపిన చోటు అని చెప్తారు. నేను హేతువాదిని, మూఢనమ్మకం అంటే అమాయకత్వం అని ఏళ్ల తరబడి రాశాను. అది సగమే నిజం. ఆ రోజు ఆ పూనకం అమాయకత్వం కాదు, అది ఆ ఆడవాళ్ల చేతికి అందిన ఒకే ఒక డాలు. తుపాకీ ముందు వాదన నిలబడలేదు, పూనకం నిలబడింది. ఒప్పుకుంటాను. కానీ ఆపద గడిచిపోయాక డాలుని దించాలి. దించకుండా దానికే గుడి కడితే, ఆ డాలు పట్టుకున్న చెయ్యి ఎవరిదో మరిచిపోతాం. ఒక ముసలమ్మ ఆలోచించింది, లెక్క వేసింది, తుపాకీకి ఎదురు నిలబడింది. దాన్ని దేవత ఖాతాలో రాయడం భక్తి కాదు. దొంగతనం.

నేనిలా గొంతు పెంచుతుండగా మల్లమ్మ లేచి, వెళ్లి వీధి తలుపు మూసి వచ్చింది. పట్టపగలు. నర్సీపట్నంలో. మా ఇంట్లో.

"నాకు తెల్దేటే ఇమలా? గడ ఆ సివర నీతోపాటు పట్టుకున్నది నాను కాదేటి? మామ్మకి ఏ అమ్మోరూ పూనలేదు, తెలుసు" అంది, గొంతు బాగా తగ్గించి. "కానీ అమ్మోరంటే ఎవడూ ఏటీ అడగడు. మామ్మ కావాలనే జీపు ఆపిందని ఈ గుంట బొమ్మేసిందనుకో, ఎందుకాపింది అంటారు. అడివిలో మా అయ్య ఉన్నాడంటాది. ఇల్లంబులట్టుకుని అడివిలో ఏటి సేస్తన్నాడంటారు. మా అయ్య పోయాడు సరే. రేపు దీనికి ఉద్యోగం వస్తే ఎంక్వైరీకొస్తారు. ఏ ఇంటి పిల్ల అని అడుగుతారు. అప్పుడొచ్చి నువ్వు సెప్తావేటి?"

క్యాంపు బడి ఖాళీ చేసి ఎన్నో ఏళ్లయింది. గంట ఇప్పుడు పిల్లల కోసమే మోగుతుంది. ఘాటు రోడ్డు మీద సెలవుల్లో వచ్చే కార్లు బారులు తీరుతాయి. ఇటుకల పండగకి ఆడవాళ్లు గడ అడ్డం పెడితే వాళ్లు దిగి ఫొటోలు తీసుకుంటారు. ఇదంతా చూసి కాలం మారిందని మనం రాస్తాం, నేనూ రాశాను. కానీ 'జీపు' అన్న మాట దగ్గర మల్లమ్మ గొంతు ఇంకా దిగిపోతోంది. ఇసుక బస్తాలు తీసేశారు; ఆమె గొంతులో పెట్టిన భయాన్ని తీసేవారు ఎవరూ రాలేదు. అప్పుడు నిజం చెప్తే ప్రాణం పోయేది. ఇప్పుడు ఏం పోతుందో ఎవరికీ తెలియదు, అయినా ఎవరూ చెప్పరు. ఈ రెండో భయమే నాకు ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది, ఎందుకంటే దీనికి కారణం ఇతనే అని చూపించడానికి ఒక ఇన్‌స్పెక్టరు కూడా లేడు.

పార్వతి నా వైపు తిరిగి అడిగింది. "అమ్మ చెప్పక్కర్లేదు పెద్దమ్మా. మీరు చెప్తారా? ఆ పేజీలో మిమ్మల్ని ఇప్పటి మొహంతో వేస్తాను. 'నేను చూశాను' అని మీరే చెప్తున్నట్టు, మీ పూర్తి పేరుతో. అమ్మ మీద పడదు, నా మీద పడదు. కానీ అప్పుడు తాతగారు అబద్ధం చెప్పినట్టు కూడా వెయ్యాలి. ఏటా ఆయన పేరు మీద సభ పెడతారంట కదా ఇక్కడ. ఒక్క మాట కూడా రాజీ పడని మనిషి అంటారంట కదా."

అంటారు. ఆ మాట వినడం నాకు ఇష్టం. ఆ సభలో ఆయన ఫొటోకి దండ వేయకూడదని పట్టుబట్టేది నేనే. దండ లేకపోయినా దేవుడయ్యే దారులు ఉన్నాయని ఆ నిమిషానే తెలిసింది. మా నాన్న ఒక మనిషిని బతికించడానికి తన జీవితమంతా నిలబెట్టుకున్న మాటని రోడ్డు మీద వదిలేశారు. దాన్ని దాచి ఆయన్ని గొప్పవాణ్ణి చేయడమూ, సుక్రమ్మని దాచి అమ్మవారిని గొప్పదాన్ని చేయడమూ ఒకే పని. "వెయ్యి" అన్నాను. "చేతులు జోడించే వెయ్యి. కానీ జోడించింది ముసలమ్మకి. ఆకాశానికి కాదు."

పార్వతి కొత్త కాగితం తీసుకుంది. పెన్సిల్‌తో రోడ్డు, మలుపు, జీపు ముందు భాగం. ఆకాశం ఖాళీగా వదిలేసింది. ఆ తరవాత చిన్న మనిషి, వంగిన నడుము, మూడు నత్తులు. మల్లమ్మ మొహం తిప్పుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి వంగి, కాగితం మీద వేలు పెట్టి కూతుర్ని కసిరింది. "గడ అలా పట్టుకోదే మామ్మ. ఎడంచేత్తో. కుడిచెయ్యి సాపింది, ఆడి మొకం కాడికి. సరిగ్గా ఎయ్యి."

నేను చూశాను. నా పేరు విమల. రోడ్డు మీద జీపు ఆపింది సుక్రమ్మ, ఆమెని కాపాడడానికి అబద్ధం చెప్పింది మా నాన్న, అక్కడికి ఏ అమ్మవారూ రాలేదు. ఊరి పేరు అడగకండి. అది ఆ ఊరివాళ్లు తమంతట తాము చెప్పే రోజున చెప్తారు. మీకు మాత్రం పని ఉంది. మీ ఊళ్లో ఏదో ఒక మలుపులో పసుపు రాసిన రాయి ఉంటుంది, ఏదో ఒక మహిమ కథ ఉంటుంది. ఆ రోజు అక్కడున్న ముసలివాళ్లు ఒకరో ఇద్దరో ఇంకా మంచాల మీద మిగిలి ఉంటారు. ఈ వారమే వెళ్లండి. తలుపు మూసి కూర్చోండి, తప్పులేదు. దేవుడు ఏం చేశాడని కాదు, ఎవరు చేశారని అడగండి. పేరు చెప్పేదాకా లేవకండి. ఆ తరవాత తలుపు తీసి బయటికొచ్చి, చెప్పినవాళ్ల మీద పడకుండా, మీ పేరుతో, నలుగురికీ వినపడేలా ఆ పేరు చెప్పండి.